పెనుగొండ బండియు, ఆర్మూరు పసుపును

పసుపు తవ్వకములు ముగిసి, ఉడికించిన కొమ్ములు కళ్లములపై ఎండుచుండు దినములలో మాక్లూరునుండి ఆర్మూరునకు బోవువారికి రెండు దృశ్యములు తఱచుగా కనులబడును. ఒకటి, బస్తాలను మోసికొని మార్కెటు యార్డునకు బోవు ట్రాక్టరుల వరుస. రెండవది, ఊరి హనుమంతుని గుడిముందఱనో, ఆర్మూరున నవనాథ సిద్ధేశ్వరుని గుట్ట దిగువనో నిలిచి పూజ నందుకొనుచున్న క్రొత్త కారు. ఆ కారు వెనుకటి కార్లవలె నేల నంటినది కాదు. వెనుకటి జీపువలె మొరటైనదియు గాదు. నడకలో కారును, నిలుకడలో జీపును పోలి, పొడవున కుఱుచయై, ధరలో మధ్యతరగతి గృహస్థునకు అందీ అందనట్లుండునది. దీనినే నేటి వ్యాపారభాషలో కాంపాక్ట్ ఎస్‌యూవీ యనియు, క్రాసోవర్ యనియు పిలుచుచున్నారు. పూజారి దాని ముందఱి రేకుపై పసుపుతో స్వస్తికమును దిద్ది, కుంకుమ పెట్టి, చక్రములక్రింద నిమ్మకాయల నుంచును. బండి కదలును, నిమ్మకాయలు చితుకును, కుటుంబము సంతసించును.

ఈ సంతసమును మేము కాదనము. కాని ఆ పసుపు గుర్తును చూచినప్పుడు మాకొక ప్రశ్న తోచుచున్నది. ఆ పసుపు ఈ నేలలో పండినది. ఆ కారు సెల్టోసో, సోనెట్టో యైనచో అదియు తెలుగునేలలోనే, పెనుగొండ మండలము ఎఱ్ఱమంచి గ్రామమున తయారైనది. శ్రీనగరమునుండి కన్యాకుమారికి బోవు 44వ జాతీయ రహదారి ఆర్మూరు ప్రక్కగా సాగి, ఆ కర్మాగారము దగ్గఱగానే పోవుచున్నది. ఒకే బాటపై నున్న ఈ రెండు సరకులును సముద్రములు దాటి పరదేశముల అమ్ముడగుచున్నవి. ఒకటి కొరియావారి పేరుతో పోవుచున్నది; రెండవది పెక్కుపాలు ఏ పేరును లేకయే పోవుచున్నది. ఇది యిట్లేల యున్నది? ఇట్లే యుండవలసినదేనా? ఈ వారము పాఠకుల యెదుట మేము పెట్టదలచిన విషయ మిదియే.

మొదట బండి మాట. 2017 ఏప్రిల్ నెలలో కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొన్నది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. భూమి 536 ఎకరములు. ఏటికి 3 లక్షల బండ్లను నిర్మింపగల శక్తి. తళ్లికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులు రాజధానిగా జేసికొన్న పెనుగొండ, తరువాతి కాలమున కఱవుసీమలో నొక మూల మిగిలిపోయిన పెనుగొండ, ఇట్లు మరల లోకుల నోట వినబడినది. శ్రీశైలమునుండి ఎత్తిపోసి తెచ్చిన హంద్రీ-నీవా జలములు గొల్లపల్లి జలాశయమున నిలిచి కర్మాగారమునకు ఆధారమైనవి. 2019 జనవరిలో ప్రయోగాత్మకముగా మొదటి బండి వెలువడినది. అదే సంవత్సరము ఆగస్టు 22వ తేదీన సెల్టోస్ విపణిలోనికి వచ్చినది. 2020 సెప్టెంబరు 18న దానికంటె చిన్నదియగు సోనెట్ వచ్చినది. ఆనాటి దాని ఆరంభపు ధర 6 లక్షల 71 వేల రూపాయలు.

ఈ బండ్లు మన వీథులకొఱకు మాత్రమే నిర్మింపబడినవి కావు. సెల్టోస్ వెలువడిన కొలదికాలమునకే ఓడ నెక్కినది. సోనెట్‌ను లోకమునకు తొలిసారి చూపుటయే 2020 ఆగస్టులో ఈ దేశమునుండి జరిగినది. పశ్చిమాసియాకు, ఆఫ్రికాకు, లాటిన్ అమెరికాకు, ఆగ్నేయాసియాకు ఎఱ్ఱమంచి బండ్లు పోయినవి. 2022 ఆరంభమునకే ఎగుమతి లక్ష దాటినది. చేరిన దేశములు తొంబదికి మించినవి. 2023 జూలైలో అక్కడ పదిలక్షలవ బండి తయారైనది. ఇట్టి ఉద్యమము కియా యొక్కదానిదే కాదు. చెన్నపట్టణము చేరువ ఒరగడమున తయారగు నిస్సాన్ మాగ్నైట్ 2020 డిసెంబరులో 5 లక్షలకు లోబడిన ఆరంభపు ధరతో వచ్చి, పిమ్మట అనేక దేశములకు ఎగుమతి యైనది. 2024 ఆగస్టులో గుజరాతునుండి మారుతి ఫ్రాంక్స్ బండ్లు జపానుకే బోయినవి. కారు చేయుట మనకు నేర్పినవారి యింటికే మనచోట తయారైన బండి పోవుట చిన్న సంగతి కాదు.

ఈ చిన్న బండి రూపురేఖల వెనుక నున్న కారణమును పాఠకులు గమనింపవలెను. సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటరులు. నాలుగు మీటరులకు ఐదు మిల్లీమీటరులు తక్కువ. ఇది శిల్పుల ఇచ్చవలన గలిగినది కాదు. 2006 నాటి కేంద్ర బడ్జెటులో నాలుగు మీటరులకు మించని పొడవును, పెట్రోలైనచో 1,200 ఘన సెంటీమీటరులకును డీజిలైనచో 1,500 ఘన సెంటీమీటరులకును మించని ఇంజనును గల బండ్లకు సుంకము తగ్గింపబడినది. ఆనాటినుండి ప్రపంచములోని పెద్ద పెద్ద కంపెనీలు మన చట్టపు కొలబద్దను ఎదుట నుంచుకొని బండ్లను గీయుచున్నవి. 2025 సెప్టెంబరు 22 నుండి అమలునకు వచ్చిన జీఎస్‌టీ మార్పులలోను ఈ భేదము నిలిచినది. చిన్న బండ్లకు నూటికి 18, పెద్దవానికి నూటికి 40. మన చట్టము లేని ఇండోనేషియాకు బోయిన సోనెట్ మాత్రము నాలుగు మీటరులను దాటినది. దీనినిబట్టి తేలున దేమి? ఈ దేశము తన విపణిబలముతో విదేశ నిర్మాతచేత తన కొలతకు తగిన వస్తువును చేయించుకొనగలదు. ఆ శక్తి మనకు గలదు. దానిని ఐదు మిల్లీమీటరులకొఱకు వాడుకొన్నంత శ్రద్ధగా తక్కినవానికొఱకు వాడుకొనుటలేదన్నదే మా ఆక్షేపణ.

మేము పరదేశ ద్వేషమును బోధింపము. ఎఱ్ఱమంచి కర్మాగారమువలన వేలకొలది యువకులకు పని దొరకినది. వలసబోవుటయే వృత్తియైన సీమలో యంత్రవిద్య నేర్చినవారికి ఇంటిచేరువ జీతము కలిగినది. రాష్ట్రమునకు పన్నులు, దేశమునకు విదేశద్రవ్యము వచ్చుచున్నవి. వేళకు పని, కొలతకు పని, తప్పును దాచక చెప్పు పద్ధతి అలవడుట ఏ దేశమునకైనను లాభమే. ఇవి యన్నియు నిజములు. వీనిని తక్కువచేసి మాటలాడుట స్వదేశీయత కాదు, అసూయ యగును.

కాని లెక్క పూర్తిగా చూడవలెను గదా. భూమి మనది, నీరు మనది, చెమట మనది. బండి యెట్లుండవలెనో, ఏ దేశమునకు ఏ బండి పోవలెనో, ఎప్పుడు ఒక రకమును మానివేసి మఱియొకటి తేవలెనో నిర్ణయించు అధికారము సియోలులోనిది. లాభము సొంతదారునిది. బండి ముందఱి ముద్ర కొరియాది. ఉపాంగములను చేయుటకు చుట్టుప్రక్కల వెలసిన కర్మాగారములలోను అనేకము కొరియానుండి వెంట వచ్చినవే. కావున మనము అమ్ముచున్నది మన శ్రమను; వారు అమ్ముచున్నది తమ పేరును. శ్రమ వెల ప్రతి ఉదయము బేరములో నుండును; రేపు మఱియొక దేశము తక్కువకు ఒప్పుకొన్నచో కర్మాగారము అటు తిరుగవచ్చును. పేరు వెల యట్లు కాదు. అది పెరుగుచునే యుండును.

నిర్ణయము పరులచేతిలో నుండుటవలన గలుగు ఫలమునకు ఒక నిదర్శనము చాలును. 2019 డిసెంబరులో ఆస్ట్రేలియా పరీక్షకులు సెల్టోసునకు ప్రమాదరక్షణ విషయమున ఐదు నక్షత్రముల నిచ్చిరి. ఆ దేశమునకు బోయినది కొరియాలో చేసిన బండి. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశమున నమ్మిన సెల్టోసును పరీక్షించి మూడు నక్షత్రములతో సరిపెట్టినది. పేరొక్కటే, ప్రాణరక్షణకు చేసిన ఏర్పాటులు వేఱు. అంతకుముందే, 2018 డిసెంబరులో, టాటావారి నెక్సాన్ ఇదే పరీక్షలో ఐదు నక్షత్రములను పొందియుండెను. మన ధరలకు మంచి రక్షణ కుదరదను వాదము నిలువదని దేశీయ సంస్థయే ఋజువు చేసినది. తరువాత జనులలో అడుగువారు పెరిగిరి. 2023లో దేశమునకు సొంతమైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షావిధానము వచ్చినది. అంతకు ముందటి యేటనే సెల్టోసున ఆఱు గాలిసంచులు అన్ని రకములలోను చేరియుండెను. 2025లో కియావారి సైరోస్ మన పరీక్షలో ఐదు నక్షత్రములను తెచ్చుకొన్నది. అడిగినవానికి దక్కినది. అడుగక పూర్వము, తెలుగు కుటుంబపు ప్రాణమునకు కొలత వేఱుగా నుండెను. ఈ పాఠమును మఱువరాదు.

ఇక చరిత్ర యేమి చెప్పుచున్నదో చూతము. కియా సంస్థ పుట్టినది 1944లో. ఆనాడు కొరియా జపాను పాలనలో నుండెను. ఉక్కుగొట్టములు, సైకిలు భాగములు చేయు చిన్న కార్ఖానాయే దాని ఆరంభము. యుద్ధముతో దేశము చీలి, నగరములు కాలి, తినుటకు తిండి కఱవైన దినములలో, 1952లో అది కొరియాలో మొదటి సైకిలును చేసినది. 1960ల దశకమున మూడు చక్రముల బండిని చేసినది; అందలి నమూనా జపాను మాజ్దావారిది. 1974లో బ్రిసా యను కారును చేసినది. దాని మూలమును మాజ్దావారిదే. 1980ల దశకమున కియా చేసిన చిన్నకారు అమెరికాలో ఫోర్డు ఫెస్టివా యను పేరున అమ్ముడయ్యెను. అనగా, నేడు ఎఱ్ఱమంచి యున్నచోటనే నాడు కియా యుండెను: పరుల నమూనా, పరుల పేరు, తమ చెమట. భేదమెక్కడ? కొరియావారు అచటనే ఆగలేదు. పరుల బండిని చేయుచునే దాని మర్మమును గ్రహించిరి. తమ యింజనీరులచేత గీయించిరి. 1990ల దశకమున తమ పేరుతోనే అమెరికా విపణిలోనికి బోయిరి. 1997లో అప్పులపాలై కూలినపుడును, మఱుసటి యేడు కొరియా సంస్థయగు హ్యుందాయియే దానిని చేపట్టినది. పేరు దేశము దాటిపోలేదు. మన రెండు తెలుగు రాష్ట్రముల విస్తీర్ణములో మూడవవంతునకు కొంచెము మించిన దేశమిది.

అదే 1944లో బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను నెలకొల్పెను. అంతకు రెండేండ్ల ముందే, 1942లో, బిర్లాల హిందూస్థాన్ మోటార్సు వెలసెను. వారికి ముందు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఈ దేశమున కారు కర్మాగారము నెలకొనవలెనని ఎంత పట్టుపట్టిరో చరిత్ర నెఱిగినవారికి తెలియును. ఆయన పూర్వికుల గ్రామము మన తెలుగునేలలోనిదే. మన ఆరంభము కొరియాకంటె ఆలస్యము కాదు. పెట్టుబడి తక్కువ కాదు. విపణి ఎన్నోరెట్లు పెద్దది. ఐనను ప్రీమియర్ కారు కాలగర్భమున కలసినది. అంబాసిడర్ నిర్మాణము 2014లో ఆగిపోయినది. స్వరాజ్యము వచ్చిన పిమ్మట ప్రభుత్వము మన నిర్మాతలకు రక్షణ నిచ్చినది. కొరియా ప్రభుత్వమును ఇచ్చినది. వారు రక్షణ నిచ్చి ఎగుమతి నడిగిరి; మనము రక్షణ నిచ్చి ఏమియు నడుగలేదు. కొన్నవాడు ఏండ్లకొలది వరుసలో నిలువగా, అమ్మినవాడు నమూనాను మార్చు నవసరమే లేకపోయెను. పోటీలేని రక్షణ నిద్రకు దారితీసినది. నిద్రించినవాని చోటును మేల్కొన్నవాడు పట్టుకొన్నాడు.

తెలంగాణమునకును ఈ కథలో భాగము గలదు. 1942లో హైదరాబాదున పుట్టిన ఆల్విన్ సంస్థ బస్సుల శరీరములను, రిఫ్రిజిరేటర్లను, చేతిగడియారములను చేసి ఇంటింట పేరు గన్నది. దానివలననే జహీరాబాదున ఆల్విన్ నిస్సాన్ యను పేరుతో లారీల కర్మాగారము వెలసెను. 1989లో అది మహీంద్రావారి చేతికి బోయినది. దేశీయ సంస్థయే చేపట్టుటచేత ఆ చోట వాహననిర్మాణము నిలిచినది. ఆల్విన్ పేరు మాత్రము పోయినది. ఇంతకంటె దగ్గఱి గాయము మన నిజామాబాదు జిల్లాలోనే యున్నది. 1937లో నెలకొని, ఆసియాలోనే పెద్దదని పేరొందిన బోధను చక్కెర కర్మాగారమున 2002లో అధికవాటా ప్రైవేటువారికి బోయినది. 2015 డిసెంబరులో తలుపులు మూయబడినవి. చెఱకు బండ్లు వరుసలు కట్టిన శక్కర్‌నగరమున నేడు నిశ్శబ్దము. కర్మాగారము వచ్చినంతమాత్రమున శాశ్వతము కాదని, అది యెవరి చేతిలో ఏ షరతులపై నున్నదో చూడవలెనని మన జిల్లావారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు పసుపు మాట. కారునకు పసుపునకు పొత్తేమని యెవరైన నడుగవచ్చును. సరకులు వేఱైనను లెక్క యొక్కటే. 2022-23లో ఈ దేశమున 3 లక్షల 24 వేల హెక్టారులలో 11 లక్షల 61 వేల టన్నుల పసుపు పండినదని కేంద్ర ప్రభుత్వపు లెక్క. ప్రపంచపు పంటలో ఇది నూటికి 75 పాళ్లకు మించినది. ఆ యేట ఎగుమతి యైనది 1 లక్ష 53 వేల టన్నులు. వచ్చినది 20 కోట్ల 74 లక్షల డాలర్లు. భాగించి చూడుడు: కిలోకు డాలరున్నరయైనను లేదు. ప్రపంచమున నాలుగింట మూడుపాళ్ల పంట గలవాడు ధరను శాసింపవలసియుండగా, ధర చెప్పించుకొనుచున్నాడు. కారణము, మనము పంపునది ముఖ్యముగా కొమ్ము, పిండి. దానినుండి కుర్కుమిన్ తీసి, గుళికలుగా చేసి, అందమైన సీసాలో పెట్టి, పేరు వ్రాసి అమ్మువాడు వేఱొకడు. కారులో మనకు కూలి మిగిలినట్లే పసుపులో మనకు పచ్చిసరకు వెల మిగిలినది.

పేరు పోవుట యెంతదూరము పోగలదో ఒక సంగతి చెప్పుచున్నది. పుండుపై పసుపు పెట్టుట మన అమ్మమ్మలందఱెఱిగిన వైద్యము. 1995లో అమెరికా దేశపు పేటెంటు కార్యాలయము ఆ గుణమునకే మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు పేటెంటు నిచ్చెను. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథముల సాక్ష్యమును చూపి పోరాడగా 1997లో అది రద్దయ్యెను. పోరాడినచో మనది మనకు దక్కునని ఈ కథ చెప్పుచున్నది. పోరాడవలసిన స్థితి యేల వచ్చెనో కూడ చెప్పుచున్నది.

మన రైతులు ఊరకున్నవారు కారు. ఇక్కడి ధర గిట్టక, పసుపు బస్తాలను లారీల కెక్కించి మహారాష్ట్రలోని సాంగ్లీవఱకు తీసికొనిపోయినవారు ఆర్మూరు ప్రాంతమున ఎందఱో కలరు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో 170 మందికి మించి పసుపు, ఎఱ్ఱజొన్న రైతులే. క్వింటాలునకు 15 వేలు కావలెననియు, పసుపు బోర్డు కావలెననియు వారి కోరిక. కత్తి పట్టలేదు, బస్సు కాల్చలేదు. నామినేషను పత్రముతో పోరాడిరి. ఇంతటి క్రమశిక్షణగల నిరసన చరిత్రలో అరుదు. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటింపబడెను. 2025 జనవరి 14న, సంక్రాంతినాడు, నిజామాబాదు కేంద్రముగా ఆరంభమయ్యెను. అదే యేట జూన్ 29న దాని కార్యాలయము తెఱవబడెను. 2030 నాటికి నూఱుకోట్ల డాలర్ల ఎగుమతి లక్ష్యమని చెప్పబడినది. బోర్డు పేరుపలక కట్టుట ఆరంభము మాత్రమే. దానిక్రింద ఏమి జరుగునన్నదే ప్రశ్న.

మేము అడుగునవి ఆకాశపుష్పములు కావు. ప్రభుత్వములను మొదట అడుగుచున్నాము. విదేశ నిర్మాతకు భూమి, నీరు, పన్ను మినహాయింపులు ఇచ్చునపుడు, కొరియా తన నిర్మాతల నడిగినట్లు, మనమును అడుగవలెను. ఉపాంగములలో ఇంతభాగము ఈ దేశపు సంస్థలవద్ద కొనవలెనని, రూపకల్పనశాలలో మన యింజనీరులకు ఇంత పాలు ఉండవలెనని, ఏ దేశమునకు పంపు బండిలో ఎంత రక్షణ గలదో స్వదేశమున అమ్ముదానిలోను అంతకు తక్కువ కారాదని ఒడంబడికలోనే వ్రాయించుకొనవలెను. ఐదు మిల్లీమీటరులు తగ్గించుకొన్నవారు ఈ షరతులకును ఒప్పుకొందురు; విపణి మనది గనుక.

పసుపు బోర్డును రెండవదిగా అడుగుచున్నాము. కాడి, గోళ యని వేఱుచేసి బస్తాలు కట్టుటతో మన పని ముగియరాదు. ఉడికించుటకు, ఆరబెట్టుటకు, నునుపు పట్టుటకు మంచి యంత్రములు రైతుసంఘముల చేతికి రావలెను. కుర్కుమిన్ పాలును తేల్చు పరీక్షాశాల మార్కెటు యార్డు దాపుననే యుండి, గుణమునుబట్టి ధర పలుకవలెను. సారమును తీయు కర్మాగారము నిజామాబాదు జిల్లాలోనే, రైతులకు వాటా గలదిగా వెలయవలెను. భౌగోళిక గుర్తింపు ముద్రను సాంగ్లీ పసుపు 2018లో, ఈరోడు పసుపు 2019లో పొందినవి. ఈ పందెమున ఆర్మూరు వారికంటె వెనుకబడినది. ఇకమీదనైనను మాక్లూరు, ఆర్మూరు, బాల్కొండ రైతుల పసుపు వేఱొకరి సంచిలో వేఱొకరి పేరున పోకుండ చూచుట బోర్డు మొదటి ధర్మము.

మూడవ మాట రైతు సోదరులకు. కారు కొనుట తప్పు కాదు. ఆసుపత్రికి నడిరేయి పోవలసినవానికి, పిల్లలను కళాశాలకు పంపవలసినవానికి అది విలాసమును గాదు. కాని కారు వాయిదా నెలనెల వచ్చును. పసుపు తొమ్మిది నెలల కొకసారి వచ్చును. 2019 ప్రాంతమున ఐదారు వేలకు దిగిన క్వింటాలు ధర 2024లో కొన్నాళ్లు పదునెనిమిది వేల దరి కెక్కినది. ఎక్కినది దిగదను హామీ యేదియు లేదు. పసుపునకు ప్రభుత్వపు కనీస మద్దతు ధర లేదు. మంచి యేటి ధరను చూచి ఐదేండ్ల అప్పుపై సంతకము చేయువాడు తన పొలమును ఆకాశమునకు తాకట్టు పెట్టినవాడగును. మంచి యేట వచ్చిన మిగులులో కొంత ఊరి ఉడికింపు యంత్రమునకు, సంఘపు గోదామునకు వాటాగా పోయినచో, చెడ్డ యేట కారు వాయిదా కట్టుటకును అదియే ఆధారమగును. కొనునప్పుడు రంగును, తెఱలను మాత్రమే చూడక రక్షణ నక్షత్రములెన్ని యని అడుగుడు. అడిగినవానికే దక్కునని పైన చూచితిమి.

నాలుగవ మాట యువకులకు. ఎఱ్ఱమంచిలోనో, ఒరగడములోనో పని దొరకినవారు దానిని జీతముగా మాత్రము భావింపవలదు. అది పాఠశాల. మాజ్దా బండిని చేసిన కొరియా యువకుడు సాయంకాలము ఇంటికి బోయి దానికంటె మేలైనదానిని గీయుటకు పూనుకొన్నాడు. ఆ పూనిక లేనిచో, నూఱేండ్లు పరుల బండ్లను చేసినను మనము పరుల బండ్లను చేయువారముగానే మిగిలిపోదుము. ఈ దేశమున టాటా, మహీంద్రా సంస్థలు తమ నమూనాలతో, తమ పేళ్లతో ఈ తరగతి బండ్లను చేసి విదేశ సంస్థలకు దీటుగా నిలిచినవి. కావున ఇది అసాధ్యమని చెప్పుటకు ఇక నెవరికిని నోరు లేదు.

స్వదేశీయత యనగా విదేశపు బట్టను కాల్చుటయే యని తలచినవారు కలరు. అది ఒక కాలపు ఆయుధము. ఈ కాలపు స్వదేశీయత కఠినతరమైనది: పరులవద్ద నేర్చుకొనుట, పరులతో పోటీపడుట, మన చేతిపని పరదేశమునకు బోవునపుడు మన పేరుతో పోవునట్లు చూచుకొనుట. కూలి గౌరవము తక్కువది కాదు. కాని కూలితోనే తృప్తిపడు జాతి తన పిల్లలకు కూలినే వారసత్వముగా ఇచ్చును.

రేపటి సంక్రాంతికి మాక్లూరులో మఱియొక క్రొత్త బండి గుడిముందఱ నిలుచును. పూజారి మరల పసుపుతో స్వస్తికము దిద్దును. మొదటి వానకు ఆ పసుపు కడిగికొనిపోవును. దాని ప్రక్కనే రేకునకు బిగించిన ముద్ర మాత్రము చెక్కు చెదరక నిలిచియుండును. ఆ బిగించిన పేరు ఒకనాడు మనదిగా నుండుటకు, పసుపు బస్తామీది పేరు అంతకుముందే మనదిగా నుండుటకు, బోర్డును, ప్రభుత్వమును, మన యువకులను, మనలను మనమే నేటినుండి లెక్క అడుగుదము.